మా ఇంటి పని

నిన్న మా పాప బడి నుంచి ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. వచ్చే వారమంతా ‘మా ఇంటివాళ్ల పనులు’ పాఠమట. రోజుకొక తల్లి వచ్చి తానేం పని చేస్తుందో పిల్లలకు చెప్పాలట. పాప పక్కన కూర్చునే పిల్ల తల్లి డాక్టరు. ఆవిడ మెడలో స్టెతస్కోపుతో నిలబడటం, గుండె చప్పుడు వినడానికి పిల్లలంతా ఆమె మీద పడటం, అందరికన్నా ముందు మా పాపే ఉండటం నాకు ఇప్పటినుంచే కనబడుతోంది. “అమ్మా, నువ్వేం పని జేస్తవని చెప్పాలె?” అంది పాప అన్నం తింటూ. డిగ్రీ చదివాను. బీఈడీ మొదలుపెట్టి మానేశాను. “ముందు పెరుగు కలుపుకో” అన్నాను. అది నిద్రపోయింది, నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ఇలాంటి వారం నాకు కొత్త కాదు. నా మూడో తరగతిలో, సిరిసిల్లలో, మా సారు కూడా ఇదే పని పెట్టారు. వీర్నపల్లి దిక్కున ఉన్న మా ఊరు వదిలి వచ్చి అప్పటికి ఏడాది అయిందేమో. ఊళ్లో మాకు భూములుండేవి, పెద్ద ఇల్లుండేది. ఒకనాడు అడవిలోంచి అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చి, వాకిట్లో నిలబడి మా నాన్నతో, బాపుతో మాట్లాడి వెళ్లారు. తర్వాత మా పొలాల్లో ఎర్రజెండాలు లేచాయి, మేం రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చిపడ్డాం. చుట్టూ అన్నీ నేతవాళ్ల ఇళ్లు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటి చప్పుడు ఎంత అలవాటైందంటే, కరెంటు పోయి అవి ఆగినప్పుడే మాకు ఉలికిపాటు. నన్ను దూరం పంపడం ఇష్టంలేక బాపు రెండు సందుల అవతలి సర్కారు బడిలోనే వేశాడు.

“ఈ వారం పుస్తకాలు దెరువద్దు. మీ ఇంట్ల ఏం పని జేస్తరో ఆ సామాను పట్కరాండ్రి, గదే మన పాఠం” అన్నారు సారు. దర్జీ కొడుకు టేపు తెస్తే దాంతో నల్లబల్లను, కిటికీని, చివరికి సారు పొట్టను కూడా కొలిచి సెంటీమీటర్లు నేర్చుకున్నాం. బీడీలు చేసే ఇంటి పిల్ల కత్తెరతో తునికాకు కోస్తుంటే గదంతా ఎండుటాకు వాసన. ఇక నా పక్క పిల్ల. దాని తండ్రి సాంచాలు నడిపేవాడు. అది సంచి నిండా నూలు చుట్టిన కండెలు తెచ్చింది, వాటిని వరుసలుగా పేర్చి సారు ఎక్కాలు చెప్పారు. అంతటితో ఆగినా బాగుండేది. సారు ఒక పోగు తెంపి “ఏదీ, అతుకు సూద్దాం” అన్నారు. అది సారు మొహంలోకి చూస్తూనే, ఒంటి చేత్తో, వేళ్ల మధ్యే ఏదో చేసి ముడి వేసేసింది. మళ్లీ తెంపారు, మళ్లీ అతికింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చప్పుడు రాకుండా.

ఆ వేళ్లంటే నాకెంత కుళ్లు పుట్టిందో చెప్పలేను. ఇంటికి పోయి మా నాన్నమ్మ, బాపమ్మ పాత చీర అంచు నుంచి పోగులు లాగి నేనూ ప్రయత్నించాను. అంచంతా పోయింది గాని ముడి పడలేదు. శనివారం నా వంతు. తీసుకుపోవడానికి ఏమీ లేదు.

“బాపమ్మా, మనం ఏం పని జేస్తం?”

ఆమె దీపానికి వత్తులు చేస్తోంది. “మనం జేసుడేందే? జేపిస్తం” అంది. ఇంకో వత్తి చేసి పక్కన పెట్టి, “జేపిస్తుంటిమి” అంది. పక్కన పేపరు చదువుతున్న బాపు చాలాసేపు పేజీ తిప్పలేదు.

బాపు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన రోజూ నన్ను బడి దాకా తెచ్చి, ఎదురుగా ఉన్న కల్వర్టు మీద కూర్చునేవాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పక్కన నా నీళ్ల సీసా, ఎండెక్కితే గొడుగు. బడి విడిచేదాకా అంతే. తక్కిన పిల్లల తండ్రులు సాంచాల మీదో దుబాయిలోనో ఉండేవాళ్లు. అంతమందిలో నాకొక్కదానికే కాపలా ఏమిటని తల కొట్టేసినట్టుండేది. నాకేమైనా అవుతుందని ఆయన భయపడేవాడని అప్పుడు నాకు తెలియదు.

శనివారం ఉత్త చేతులతో నిలబడ్డాను. “ఏం దెచ్చినవ్?” అన్నారు సారు. బాపమ్మ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో నా పక్క పిల్ల లేచింది.

“గీ దొర్సాని ఏం దెస్తది సార్! వాళ్ల బాపు పని గదే. బిడ్డను తోల్కచ్చుడు, తోల్కపోవుడు. పొద్దంత గా కల్వర్టు మీదనే కూసుంటడు.”

అందరూ గొల్లుమన్నారు. ఏడ్వబోతూ దాని మొహం చూశాను. అది నవ్వడం లేదు. కిటికీలోంచి తెల్లచొక్కాను చూస్తోంది. “మా నాయిన రాత్రంత సాంచలు నడ్పి పొద్దుగాల పంటడు. నేను మాట్లాడితే లేస్తడని మా అమ్మ నోరు మూసుకోమంటది” అంది, తనలో తనే అనుకుంటున్నట్టు. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. వారంగా నా లోపల ఉన్నదే అది.

సారు నవ్వలేదు. “అది గూడ పనే. కూసో” అన్నారు.

బడి విడిచాక అది మా వెనకే వచ్చింది. “మా ఇల్లు గూడ మీ సందులనేనే. నన్ను గూడ తోల్కపొమ్మను మీ బాపును.” బాపు దాని సంచి రెండో భుజానికి తగిలించుకున్నాడు, గొడుగు దాని వైపు వంచాడు. “పా బిడ్డా” అన్నాడు. బిడ్డ అన్న పిలుపు నా ఒక్కదాని సొత్తనుకున్నాను! దారంతా అది నాకు ముడి వేయడం నేర్పుతూనే ఉంది. నేను దాని వేళ్లు చూస్తేగా, ఆ గొడుగునే చూస్తున్నాను. ఆ ముడి నాకు ఇప్పటికీ రాదు.

పాప బడి బస్సు ఎక్కడుందో చూపించే చుక్క ఒకటి నా ఫోన్ మ్యాపులో ఉంది. అది జగిత్యాల రోడ్డు మీద కాసేపు ఆగితే చాలు, పొయ్యి మీద కూర మాడిపోతుంది. వచ్చే వారం బడికి వెళ్లి ఆ చుక్కనే చూపించి, నా పని ఇదే అని చెప్తాను. డాక్టరమ్మ బిడ్డ కాస్త కుళ్లుకుంటే కాదనను. అన్నలు పోయారు, జెండాలు పోయాయి, బాపూ పోయాడు. కాలం ఎవరినీ ఉన్నచోట ఉండనివ్వదు గాని, ఆ కల్వర్టు మీద ఖాళీ అయిన చోట మాత్రం నన్ను తెచ్చి కూర్చోబెట్టింది.