మూసలో గ్రీకు నాణెం

తెగిన గొలుసు అతికించుకుందామని పరదేశంలో మనవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ సుంగై సిపుట్ ఊళ్లో ఒక నగల దుకాణంలోకి వెళ్లాను. కంసాలి మూసలో ఒక బంగారు నాణెం వేసి మంట వెలిగిస్తున్నాడు. ఎదురుగా ఒక ముసలావిడ కూర్చుని ఉంది. తొంగి చూశాను. నాణెం మీద రెక్కలున్న స్త్రీ, పక్కన గ్రీకు అక్షరాలు.

"ఆపండి" అంటూ కంసాలి చెయ్యి పట్టుకున్నాను.

ముసలావిడ కంగారుగా లేచింది. "ఏటైంది బాబూ? మనవరాలికి జూకాలు సేయించడానికి నేనే ఇచ్చినాను. మా అమ్మమ్మ మెడలోది, లచ్చిందేవి కాసు."

నాణేలు సేకరించడం నాకు అలవాటు. అసలుదే అయితే అది అలెగ్జాండర్ నాణెమని, పర్షియాను గెలిచి కొల్లగొట్టిన బంగారంతో ఇలాంటివి వేయించాడని, రెండువేల ఏళ్లు దాటి ఉంటుందని గబగబా చెప్పాను. కంసాలి చేతిలో మంట ఇంకా మండుతూనే ఉంది.

"అయితే లచ్చిందేవి కాదేటి?" అని అడిగింది.

"కాదమ్మా. గ్రీకుల దేవత. యుద్ధంలో గెలుపునిచ్చే తల్లి."

 ఆమె కంసాలికి తమిళంలో ఏదో చెప్పింది. అతను మంట ఆర్పి నాణెం తీసిచ్చాడు.

"గెలుపునిచ్చే తల్లంటే మన విజయలచ్చిమే లా" అని, మాట చివర ఇక్కడివాళ్ల ఊతపదం 'లా' తగిలిస్తూ దాన్ని కళ్లకద్దుకుంది. జూకాల కోసం తన చేతి గాజు తీసి మూసలో వేసింది.