ఆయన చూడని మచ్చ

నా ఎడమ రొమ్ము తీసేసి నాలుగు నెలలు దాటినా స్నానం చేసేటప్పుడు నేను కిందికి చూసేదాన్ని కాదు. లంగాను ఛాతీ పైకి కట్టుకునే నీళ్లు పోసుకునేదాన్ని. నస్పూర్‌లో మేముండే బొగ్గుగని క్వార్టర్లలో పెళ్లి జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఇంకో ఆడమనిషి ఛాతీకి టేపు చుట్టలేకపోయాను. కుట్టడం మానేశాను.

కరీంనగర్‌లో నాకు వైద్యం చేసిన డాక్టరు ఆ సంగతి విని, మనసుకు చికిత్స చేసే మేడం దగ్గరికి పంపారు. ఆమె నాకంటే చిన్నది.

"నేను జాలి పడను, పని చెప్త," అన్నది.

రోజూ అద్దం ముందు నిలబడాలి. మొదటి వారం జాకెట్‌తో, తర్వాత అది లేకుండా. కనిపించింది కనిపించినట్టే చెప్పాలి, అసహ్యం లాంటి మాట వాడకూడదు. మొదట్లో ఏడుపే వచ్చింది. మూడో వారానికి, "చంక నుంచి ఛాతీ నడుమ దాకా గీత. తాకితే తిమ్మిరి," అని చెప్పగలిగాను.

ఆ తర్వాత మా ఆయనను వెంట తెమ్మంది. ఏళ్ల తరబడి గనిలోకి దిగిన మనిషి అక్కడ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఆమె మచ్చ మీరు చూసిన్రా?" మేడం అడిగింది.

"మనిషి బతికింది మేడం. నాకు గదే చాలు."

"చూసిన్రా?"

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. తిరుగు బస్సులో గొంతు తగ్గించి అన్నాడు: "ఇంట్ల ముచ్చట పరాయోళ్ల ముందట పెడ్తవా? ఇగ గక్కడికి పోవుడు బంద్ చెయ్."

వారం తర్వాత ఒక మధ్యాహ్నం, తలుపు వేసి జాకెట్ విప్పాను.

"ఒక్కపారి చూడు."

ఆయన గోడవైపు తిరిగాడు. "వద్దే. నువ్వు నాకు మునుపటి తీర్గనే యాదుండాలె."

"యాదుండుడేంది? నేనేమన్న సచ్చిన్నా?"

చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. గనిలో పైకప్పు పడి ఆయన వీపు చీలినప్పుడు రెండు నెలలు ఆ పుండు కడిగింది నేనే. చూడగలవా అని అప్పుడు నన్నెవరూ అడగలేదు.

ఆయన బంద్ చెయ్యమన్నా మళ్లీ వెళ్లి, జరిగింది మేడంకు చెప్పాను. ఆయనను మార్చే ఉపాయం ఏదో ఉంటుందనుకున్నాను.

"ఆయన చూపు నీ చేతుల లేదక్కా," అన్నది. ఆ పూట ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఇప్పుడు అద్దంలో ఆ మచ్చను ఏడవకుండా చూసుకుంటాను. జాకెట్లు కుడుతున్నాను. ఆయన ముందు గదిలో పడుకుంటున్నాడు. చుట్టాలొస్తే, "అంత మంచిగైంది, ఏం ఫికర్ లేదు," అంటాడు. నేను వాళ్లకు చాయ్ ఇచ్చి లోపలికి వచ్చేస్తాను.