మధ్యలో ఆగిన కంఠత వాక్యం

శంషాబాద్‌లో మా సంఘపు సండే స్కూల్‌ను ఏళ్ల తరబడి నడిపిన టీచరమ్మ గత మంగళవారం ఉదయం, షాద్‌నగర్‌లో కూతురి ఇంట, ప్రభువునందు నిద్రించారు. వార్త అందే సమయానికి నేను విమానాశ్రయంలో సామాను బెల్టుల పర్యవేక్షణలో ఉన్నాను. డ్యూటీలో ఏడవరాదని నియమం. దాన్ని ఉల్లంఘించానని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను.

ఆమె దగ్గర హాజరు పట్టీలు రెండు ఉండేవి. ఒకటి పిల్లలకు. రెండోది ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు. దాన్ని ఎవరికీ చూపేవారు కాదు. అందులో పేరెక్కిన వాళ్ల పిల్లలకు మాత్రం అడగకుండానే ఉప్మా అందేది. మా అమ్మాయి ఆ ఉప్మా చాలా తిన్నది.

మా ఇంట తల్లి అనే పదవి షిఫ్టుల వారీగా ఖాళీ అవుతుంటుంది. కుటుంబ ప్రార్థన వాయిదాల మీద నడుస్తుంది. నాలుగేళ్ల కిందటి క్రిస్మస్‌కు, ఆరేళ్ల మా అమ్మాయికి ఒక కీర్తన కంఠతా పట్టించే బాధ్యత స్వీకరించి, రోజుకో వచనం పనిచేసే చోటు నుంచే ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. చెవులు సరిగా వినబడని మా అత్తగారు దాన్ని పిల్లకు వినిపించేవారు. మూడో వచనం మధ్యలో నేనెవరి మీదో అరిచాను. తొలగించే తీరిక దొరకలేదు.

కార్యక్రమం నాడు గంటసేపు అనుమతి తీసుకొని, యూనిఫాంలోనే వచ్చి వెనక నిలబడ్డాను. అమ్మాయి రెండు వచనాలు తడబడకుండా చెప్పింది. మూడోదాని మధ్యలో, అంతే భక్తితో, “ఓ అన్నా, బెల్టు ఆపు! పెట్టె ఇరికింది!” అంది. అది పరిశుద్ధ గ్రంథంలో లేదని దానికి తెలియదు.

మందిరమంతా నవ్వింది. పిల్ల నోరు ఆగిపోయింది. దాని కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి.

“చాలు బిడ్డా, మంచిగ చెప్పినవ్, దిగు,” అంటూ సంఘపెద్ద చప్పట్లు మొదలుపెట్టారు.

ఇప్పుడు దిగితే మళ్లీ ఎక్కదని నాకు తెలుసు. అయినా వెనకే ఉండిపోయాను.

“చప్పట్లు ఆపుండ్రి. బిడ్డది ఇంక అయిపోలే,” అన్నారు టీచరమ్మ. అందరి ముందూ నా వైపు తిరిగారు. “ఏమ్మా, గట్లనే నిలబడ్తవా? నీ గొంతుతోనే నేర్చుకున్నది. నువ్వొచ్చి అందియ్యి.”

వేదిక ఎక్కాక మరో లోపం బయటపడింది. మిగతా భాగం నాకు రాదు. పుస్తకం చూసి చదివి పంపానే తప్ప నేర్చుకోలేదు. మైకు పట్టుకున్న టీచరమ్మకు ప్రతి అక్షరమూ వచ్చు, అయినా అందించలేదు. పిల్లనే చూస్తున్నారు.

చివరికి అది నా చేయి లాగింది. “అమ్మా, నీకు రాదా? నా ఎంట చెప్పు.”

చెప్పాను, ఒక్కొక్క ముక్కా, దాని వెనక.

బయటికొచ్చాక, “టీచరమ్మా, నేను తల్లిగ ఫెయిలైన. విశ్వాసిగ గూడ,” అన్నాను.

“నీకు మార్కులెయ్యమని నిన్నెవరన్న అడిగిండ్రా?” అన్నారు. “తప్పు చెప్పిందని నేను పరేషాన్ కాలే. ఆగిపోతదేమో అని పరేషానైన. ఇగ నడువు, ఆడ నీ బెల్టు ఆగుతది.”

బస్సుకు ఆమే రోడ్డు మీదికొచ్చి చేయి అడ్డం పెట్టారు. ఎక్కి, కిటికీలోంచి వెనక్కి చూశాను. టీచరమ్మ మా అమ్మాయి చేయి పట్టుకుని, దాని నోటి దాకా వంగి ఉన్నారు. పిల్ల కీర్తన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నట్టుంది. బస్సు రేపిన దుమ్ములో, ప్రతి ముక్కకూ, ఆమె తల ఊగుతోంది.