బావ కారుకి టార్క్ కన్వర్టర్ ఎంచిన వైనం

మొన్న విజయనగరంలో కొత్త కార్లు అమ్మే షాపుకి వెళ్ళేను, కొనడానికి కాదు, ఏసీలో కాసేపు కూర్చోడానికి. టై కట్టుకున్న సేల్స్ ఆయన ఒక కారు తలుపు తీసి, ఇది ఆటోమేటిక్ అనీ, క్లచ్చే ఉండదనీ, పెద్దవాళ్ళకి బాగుంటుందనీ చెప్పేడు. పెద్దవాళ్ళన్న మాట మింగి, మరి ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఏముంటుందని అడిగేను. కాసేపు ఆలోచించి, "సాఫ్ట్‌వేర్ సార్" అన్నాడు. లేచి వచ్చేసేను. బస్సు దిగేదాకా కోపం తగ్గలేదు.

నేను ఏడో తరగతితో చదువాపినవాణ్ణి. పాత పుస్తకాల బండి మీద కొన్న లావుపాటి ఇంగ్లీషు మోటారు పుస్తకాన్ని, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఎన్నేళ్ళు నమిలేనో నాకే తెలుసు. అందులో టార్క్ కన్వర్టర్ అధ్యాయం నాకు కంఠతా వచ్చు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంటిస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది చూడండి, అదే. గాలి బదులు లోపల నూనె. ఇంజను ఎంత జోరందుకున్నాక బండి కదలాలన్నది ఆ డబ్బా తేలుస్తుంది. బిగువుది పెడితే వెంటనే లాగుతుంది, వదులుది పెడితే ఇంజను బాగా అరిచాక గానీ కదలదు. ఇంత చిన్న సంగతి సాలూరులో ఉన్న మా బావకీ, ఆయన కొడుక్కీ బోధపరిచేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

బావంటే మా అప్ప, అదే మా అక్క, మొగుడు, లారీల మనిషి. పెళ్ళయిన కొత్తలో కొన్న అంబాసిడర్‌ని వేరేవాడి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఎడమ మోకాలు మొరాయించి క్లచ్ తొక్కలేకపోయేక, డ్రైవర్ని పెట్టుకుని వెనక సీట్లో కూర్చోమన్నారందరూ. ఒక్కసారి కూర్చుని, "ఈ సీట్లో కూకుంటే ఆస్పత్రికి తీస్కెల్తన్నట్టున్నాదిరా" అని దిగిపోయేడు. ఇక గుమ్మం దాటడం మానేసేడు. అది చూడలేక నా మేనల్లుడు, వాడికి విజయనగరంలో మెకానిక్ షెడ్డుంది, ఆ కారుకి ఏదో జపాను ఇంజనూ, ఆటోమేటిక్ గేర్‌బాక్సూ ఎక్కించడానికి పూనుకున్నాడు. అంతటితో ఊరుకుంటే వాడు మా అప్ప కొడుకెందుకవుతాడు. ఫోనులో వీడియోలు చూసి, ఇంజను ఊపిరి తీరుని తేల్చే క్యామ్‌షాఫ్టనే కడ్డీ కూడా రేసు కార్లకేసేదే వేసేడు. దాంతో అది ఊరికే నిలబడ్డా గుర్రంలా రొప్పుతుంది, నెమ్మదిగా పోదామంటే బలముండదు.

ఇక మిగిలింది కన్వర్టర్. వాడేమో అన్నిటికన్నా వదులుది కావాలన్నాడు. "తొక్కితే గాల్లోకి లేస్తాది మావా." సాలూరు బజారులో గాల్లోకి లేచి ఎక్కడ దిగుతావురా అన్నాను. మేమిలా వాదించుకుంటుండగా కన్వర్టర్లు అమ్మే కోయంబత్తూరు షాపువాడు ఫోను చేసి బండి బరువెంతని అడిగేడు. ఫోనెత్తింది బావ. సాలూరు లారీలవాళ్ళకి బండి బరువంటే లోడుతో బరువే, ఖాళీ బండి బరువు చెప్పుకోవడం వాళ్ళకి పరువు తక్కువ. ఎనిమిది మంది చుట్టాలూ, డిక్కీలో బియ్యం బస్తాలూ, పైన పెళ్ళి మంచమూ కలిపి చెప్పేడు. షాపువాడు, పాపం, ఇదేదో బరువులు లాగే బండి అనుకుని అన్నిటికన్నా బిగువుది పంపేడు. వాదన తీరకుండానే మేనల్లుడు దాన్ని బిగించేసేడు.

పూజ రోజున పంతులుగారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టేరు. బావ గేరు లీవరు కదిపేడు. అసలే రొప్పే ఇంజను, పైన బిగువు కన్వర్టరు. బ్రేకు మీద కాలు కాస్త సడలిందో లేదో, బండి తనంతట తనే నడిచి నిమ్మకాయల్నీ, పంతులుగారి ఇత్తడి పళ్ళాన్నీ తొక్కేసింది. గట్టిగా బ్రేకు నొక్కితే ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ అదే. మంత్రం అవకముందే బండి వెళ్ళిపోతే దేవుడు ఎక్కడ ఎక్కుతాడని పంతులుగారు అడిగేరు. అరుగు మీంచి అంతా చూసిన అప్ప, "నిన్నటిదాక కాలే పోయిందనుకున్నాను, ఇది మనిషినే తీస్కెలిపోతాది. పాత సామాన్లోడికి ఇచ్చియ్యండి" అంది. బావ లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంకొక్కసారి చూద్దామని అప్పని బతిమాలి, బావని లేవదీసి, కారుని లారీలు తూచే కాటాకి పట్టించేను. రోజూ ఎక్కే మనుషులతో కలిపి తూచాలని నా పట్టు. అప్ప ఎక్కనంది. "నా బరువు సాలూరంతా సూడాలేటి?" కాటా దగ్గర ఎర్రంకెల బోర్డుంటుంది మరి. దాని మీద తువ్వాలు కప్పిస్తానని ఒట్టేస్తే ఎక్కింది. బావ స్టీరింగు ముందు, అప్ప పక్కన, నేను వెనక. మేనల్లుడు నిచ్చెనేసుకుని బోర్డు కప్పేడు కూడా. లోపల గుమస్తాకి ఇదేం తెలుసు. అలవాటు చొప్పున అంకె మైకులో చదివి, "ఖాళీ బండా, లోడా?" అన్నాడు. బారులు తీరిన లారీల్లో డ్రైవర్లందరూ విన్నారు. అప్ప నా వైపు చూసిన చూపు గురించి చెప్పను. బావ మాత్రం స్టీరింగు మీద తల వాల్చి, భుజాలు ఊగిపోయేలా నవ్వేడు. ఆయన నవ్వగా చూసి చాన్నాళ్ళయింది.

ఆ అంకెతో ఈసారి ఫోను నేనే చేసేను. క్యామ్ సంగతీ, చక్రాల సైజూ అన్నీ చెప్పేను. రేసుకా అని అడిగేడు. సంతకీ, పెళ్ళిళ్ళకీ, అప్పుడప్పుడు కొండ మీది ఘాటీ రోడ్డు ఎక్కడానికీ అన్నాను. మరీ బిగువూ మరీ వదులూ కానిది ఒకటి, ఘాటీలో దాని నూనె కాగిపోకుండా ఒక కూలరూ పంపేడు. అవి బిగించేక బండి బ్రేకు మీద బుద్ధిగా నిలబడింది, తొక్కితే కుదుపు లేకుండా కదిలింది. ఈరోజుకీ మేనల్లుడు అది తనే ఎంచేనని చెప్పుకు తిరుగుతాడు. పోనీలే అని ఊరుకుంటాను. ఊరుకోలేక ఇదిగో, రాసేస్తున్నాను.

మొదటిసారి ఘాటీ ఎక్కినప్పుడు అప్ప ముందు సీట్లో కూర్చుంది. గేర్లు వాటంతట అవే పడుతున్నాయి. అయినా ప్రతి మలుపు దగ్గరా బావ ఎడమ కాలు లేచి, ఏమీ లేని చోట కాళ్ళ కింది పట్టా మీద టప్పున తొక్కుతోంది. నాలుగు మలుపులు చూసి అప్ప అడిగింది.

"ఆ కాలికి ఇంకా ఎవులూ సెప్పనేదేటి?"

"సెప్పేను. ఇనదు" అన్నాడు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

క్లచ్ పెడల్ విప్పడానికి మేనల్లుడికి ఒక పూట పట్టింది. అది లేదని ఆ కాలు నమ్మడానికి రెండు వానాకాలాలు పట్టింది.