కరెంటు లేని మధ్యాహ్నం మోగిన గిన్నెలు

దెయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేసేదాన్ని. పాప పుట్టాక భయాలు పెరిగిన మాట నిజమే. అయితే అవన్నీ జ్వరాల గురించి, మేడమెట్ల గురించి. కనిపించని వాటి జోలికి నా భయం ఎప్పుడూ పోలేదు.

తణుకులో ఒక మేడ మీద అద్దెకుంటున్నాం. పాప పాకడం మొదలుపెట్టగానే, పడినా దెబ్బ తగలకూడదని హాలంతా మందపాటి కార్పెట్ పరిపించాను. ఆ మెత్తదనమే చిక్కు తెచ్చింది. మా ఆయనకు నడుమెత్తు స్పీకర్లు రెండున్నాయి. గచ్చు మీద స్తంభాల్లా నిలిచినవి, కార్పెట్ మీద వేలితో తోస్తే ఊగేవి. పాపది దేన్నయినా పట్టుకుని లేచి నిలబడే వయసు.

ఆయన వాటి అడుగున మేకుల్లాంటి ఇనుప కాళ్లు బిగించారు. అవి కార్పెట్‌లోంచి దిగి గచ్చును తాకాయి. స్పీకర్లు కదల్లేదు. కానీ పాట పెట్టగానే అదురంతా నేలలోకి దిగింది. కింద వాటాలో ఉండే ఇంటావిడ రత్నమ్మగారు మెట్ల దగ్గర నుంచే కేకేశారు.

"ఏమ్మా, మీ ఆయన పాట పెడితే నా గిన్నెలు డాన్స్ చేస్తన్నాయి! టికెట్టు పెట్టమంటావా?"

సిగ్గుపడి ఆయన ఆ కాళ్లు తీసేశారు. వంటగట్టుకు వేయగా మిగిలిన గ్రానైట్ పలకలు కార్పెట్ మీద పెట్టి, వాటి మీద రబ్బరు దిమ్మలు, ఆపైన స్పీకర్లు నిలబెట్టారు. కింద గిన్నెలు ఊరుకున్నాయి. ఊపు మాత్రం మళ్లీ వచ్చింది.

"రెండూ కావాలంటే కుదరదే. గట్టిగా నిలబెడితే కిందకి మోగుద్ది, మెత్తగా పెడితే ఊగుద్ది. ఆదివారం చూద్దాంలే" అన్నారాయన.

అప్పటివరకూ వైర్లు పీకేసి, స్పీకర్లకు అడ్డంగా కుర్చీలు పెట్టాను.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. పాపను పక్కలో వేసుకుని కార్పెట్ మీదే వాలాను. కొబ్బరాకుల నీడ గోడ మీద నీళ్లలా కదులుతోంది. నిద్రో మెలకువో తెలియని ఆ స్థితిలో, నా చెంప కింద నేల సన్నగా మోగసాగింది. ఎవరో పెదాలు విప్పకుండా కూనిరాగం తీస్తుంటే, అది కాలవ అడుగు నుంచి వినిపిస్తున్నట్టు. ఎంతో హాయిగా ఉంది. ఇంకాస్త విందామనుకునేలోగా, పళ్లు కదిలేంతగా అదిరింది.

కళ్లు తెరిచాను. పక్కన పాప లేదు. కుర్చీల సందులోంచి దూరి, స్పీకర్‌ను వాటేసుకుని నిలబడి ఉంది. అది దిమ్మల మీంచి జారి తన మీదకే ఒరుగుతోంది.

ఎలా లేచానో తెలియదు. స్పీకర్ నా భుజానికి ఆనింది. పాప నా చేతుల్లో ఉంది. స్పీకర్ కింద పడలేదు.

అప్పటికే రత్నమ్మగారు ఆయాసపడుతూ పైకి వచ్చేశారు.

"కరెంటు లేదు కదమ్మా, ఏం పెట్టావు? నా గిన్నెలు అలమర్లోంచి పడిపోయినయ్యి!"

గోడ పక్కన చుట్టలు చుట్టి పెట్టిన వైర్లు చూపించాను. ఆవిడ కూర్చుని కార్పెట్ మీద అరచెయ్యి ఉంచారు. నేనూ ఉంచాను. నేల నిశ్చలంగా ఉంది.

లారీ పోతే అదిరిందనుకుందామంటే, మా సందులో ఆటో తిరగడమే కష్టం.

ఆదివారం ఇనుప కాళ్లే మళ్లీ బిగించమన్నాను. గోడకు పట్టీలు కూడా వేయించాను. గిన్నెలు మళ్లీ మోగుతాయని చెప్పుకుందామని రత్నమ్మగారి దగ్గరికి వెళ్తే, ఆవిడే అన్నారు: "మోగనీ అమ్మా. మోగితే పైకొచ్చి పాపను చూస్తాను."

ఆ రోజు నన్ను లేపిందేమిటో ఇప్పటికీ తెలియదు. పాప మాత్రం ఒక్కోసారి, పాట లేనప్పుడు కూడా, అక్కడే నేలకు చెవి ఆనించి నవ్వుకుంటూ నిద్రలోకి జారుకుంటుంది. నేను ఎత్తుకోను. పక్కనే కూర్చుని, కార్పెట్ మీద అరచెయ్యి ఉంచుతాను.