మంట పెట్టని మా బావ

మా బావ అగ్గిపుల్ల గీయాలంటే ముందు బకెట్టుతో నీళ్లు రావాలి, తర్వాత తడిగుడ్డ రావాలి, ఆ తర్వాత నేను గదిలోంచి బయటికి పోవాలి. అలాంటి మనిషిని జనం 'బాంబుల మాస్టారు' అని పిలిచేవారు. సైన్సు కేంద్రంలో ప్రతి ఆదివారం రసాయనాల ఆటలు చూపించడం ఆయన ఉద్యోగం. ఇన్నేళ్లలో ఆయన పేల్చింది ఒక్క మా అక్క ప్రెషర్ కుక్కరే. అప్పుడు కూడా దాని మూత చందమామను తాకి ఒక సొట్ట పెట్టి వచ్చింది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

కొత్త మేనేజరు రావడంతో ఆయనకు నిద్ర కరువైంది.

"జనం ఆవలిస్తున్నారు మాస్టారూ. రంగురంగుల మంటలు పెట్టండి. ఈ ఆదివారం హాల్లో చప్పట్లు వినపడకపోతే వచ్చే వారం నుంచి మంటల ఆటే. మీరు చేయనంటే చేసేవాళ్లని పిలుస్తా."

ఆ మంటలు స్పిరిటుతో వెలిగించేవి. ఆరిపోతున్నాయి కదా అని సీసా వంచి ఇంకాస్త పోస్తే, మంట ధార వెంట సీసాలోకి పాకి ఎదుటివాళ్ల మీదికి దూకుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఖాళీ హాల్లో, బావ అది కళ్లారా చూశాడు. మూడో వరుస కుర్చీ బొగ్గయింది. ఇప్పుడు ఆ కుర్చీలకన్నా ముందు, నేలమీద పిల్లలు కూర్చుంటారు.

"ఆ పిల్లల ముందు సీసా ఎలా వంచమంటావురా?" అన్నాడు నాతో.

ఇక ఆ వారమంతా మా అక్క వంటగదే ప్రయోగశాల. చివరి వరుసకు కనపడనిది ఆటే కాదని బావ పట్టుదల. అందుకని అక్కను అవతలి గది గుమ్మంలో కూర్చోబెట్టేవాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ తీర్పులు చెప్పేది.

పొంగే నురగ చూపించాడు. "ఇంతేనా? నేను గిన్నెలు తోమితే ఇంతకన్నా ఎక్కువొస్తుంది."

క్యాబేజీ రసం రంగులు మార్చి చూపించాడు. "ఇంతేనా? మీరు పొయ్యి దగ్గర నిలబడితే నా కూర కూడా రంగు మారుతుంది."

"నీకు మంట కావాలి, అంతేగా!" అని బావ గరిట విసిరికొట్టాడు.

"నాకు వంటగది కావాలండీ," అంది అక్క.

చివరికి ఒక పెద్ద గాజు కుప్పె తీశాడు. అందులో గ్లూకోజు, కాస్త క్షారం, చిటికెడు నీలం మందు. కదపకుండా ఉంచితే మంచినీళ్లలా ఉంది. బిరడా బిగించి ఊపగానే ముదురు నీలం. కింద పెడితే కాసేపటికి రంగు దానంతటదే మాయం.

అక్క చేతిలో చొక్కా జారిపోయింది. "మళ్లీ ఊపండి."

ఆ రెండు మాటలకే బావ పొంగిపోయాడు.

ఆదివారం హాలు నిండింది. ముఖ్య అతిథి కోటు వేసుకొచ్చాడని మేనేజరు ఏసీ పూర్తిగా పెంచాడు. నా పక్కనున్నాయన తుమ్మితే అది మంచుగడ్డై ముందు వరుసలో పడింది. బావ కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకుని కుప్పె ఊపాడు. నీలం! పిల్లలు 'ఓ' అన్నారు.

"ఇప్పుడు చూడండి, రంగు మాయమవుతుంది," అన్నాడు.

మాయం కాలేదు. అందరం చూశాం. అది కూడా మమ్మల్ని చూస్తూ నీలంగానే కూర్చుంది.

"ఇంతేనా?" అన్నారు ఎవరో. ఈసారి అక్క కాదు. హాలు నవ్వింది. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

బావ కుప్పెను పట్టుకుని చూశాడు. చల్లగా తగిలింది కాబోలు, ముఖం మాడిపోయింది. ఇంట్లో ఆట ఆడింది పొయ్యి పక్కన, ఇక్కడ ఆడుతున్నది మంచుగదిలో. చలికి రసాయనం నత్తనడక నడుస్తోంది. ఆ సంగతి ఆయన ఏటా పిల్లలకు చెప్పేదే!

"ఏమేవ్! నీ దగ్గుకు తెచ్చుకున్న వేడినీళ్ల ఫ్లాస్కు ఇటు తీసుకురా!" అని వేదిక మీదనుంచే అరిచాడు.

చివరి వరుసలోంచి అక్క గొణుక్కుంటూ వచ్చింది. "నా గొంతు సంగతి ఎవరికీ పట్టదు." ఆ నీళ్లు గిన్నెలో పోసి, బిరడా వదులు చేసి, బావ కుప్పెను అందులో నిలబెట్టాడు. కాసేపటికి అడుగు నుంచి నీలం పలచబడింది. ఆనక మొత్తం తేటపడింది. వెనకనుంచి ఒక పిల్ల, "మళ్లీ!" అంది. ఆ తర్వాత చప్పట్లు.

"సరే మాస్టారూ, మంటలు మానేద్దాం," అన్నాడు మేనేజరు.

బావకు ఊపిరి తిరిగింది, గేటు దాకానే. అక్కడ గోడమీద పెద్ద పోస్టరు. అందులో బావ, రెండు చేతుల్లో రెండు మంటలు. మేనేజరు ముందే వేయించేశాడు. ఇంటికెళ్తున్న ఒక తండ్రి ఆగి, "మంటలెప్పుడండీ? పిల్లాడు గొడవ చేస్తున్నాడు," అన్నాడు.

"రేపు తీయిస్తాంలెండి," అన్నాడు మేనేజరు.

బావ కదల్లేదు. "ఒరేయ్ బావమరిదీ, బకెట్టుతో నీళ్లు తే. తడిగుడ్డ కూడా."

తెచ్చేసరికి బావ గోడకు నిచ్చెన వేసి ఎక్కుతున్నాడు. "మరి నేను బయటికి పోవాలా బావా?"

"వేళాకోళం ఆపి నిచ్చెన పట్టుకో," అన్నాడు, మొదటి మంట మీద తడిగుడ్డ అద్దుతూ.