రాయి అవునో కాదో చూసొద్దామని

మా ఆయన సుబ్బాచారి ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. వాళ్ల నాయనదీ, తాతదీ అదే పని. వినాయకుడైనా, ఆంజనేయుడైనా, అమ్మవారైనా కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మనిషిని మాత్రం ఎన్నడూ చెక్కలేదు. మా హైదరాబాద్ ప్రయాణానికి కారణం అదే.

ఉయ్యాలవాడ నుంచి ఓబుల్‌రెడ్డి అనే రైతు వచ్చి, చనిపోయిన తన తల్లి విగ్రహం కావాలన్నాడు. పొలంలో సమాధి దగ్గర పెట్టుకుంటాడట. ఫోటో ఇచ్చి వెళ్లాడు. మా ఆయన ముందు మట్టితో నమూనా చేశాడు. ఓబుల్‌రెడ్డి చెప్పులు విడిచి లోపలికొచ్చి, చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగుందప్పా. కానీ ఈమె అమ్మవారు. మా యమ్మ కాదు."

మా ఆయన మళ్లీ చేశాడు. ఈసారి ముడతలు పెట్టాడు. ముసలి అమ్మవారు వచ్చింది! మూడోసారి చూసినప్పుడు ఓబుల్‌రెడ్డికి కోపం కూడా రాలేదు.

"మా యమ్మ దినామూ నన్ను తిట్టేదన్నా. ఈ యమ్మ యాడ తిడతాది? దీవించేటట్లుంది. సంవత్సరీకం లోపల నీతో కాదంటే చెప్పు, పట్నంలో ఫైబర్‌ది చేయించుకుంటా."

ఆ రోజు నుంచి మా ఆయన ఉలి పట్టలేదు. దేవుళ్ల పని కూడా పక్కన పడేశాడు. "నా చేతికి మనిషి రాడే," అంటూ అన్నం ముందు కూర్చుని గోడ వైపు చూసేవాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని, మూతి ముడుచుకున్న పిల్లల్ని నవ్వించడం నాకు తెలుసు. ఈయన దగ్గర నా విద్యలేవీ పారలేదు. ఇలాగే కూర్చుంటే ఈ మనిషి ఏమైపోతాడోనని నిజంగానే భయమేసింది.

అప్పుడే నా స్నేహితురాలు హైదరాబాద్ పోయొచ్చి, అక్కడి మ్యూజియంలో తీసిన ఫోటో ఒకటి ఫోన్‌కు పంపింది. తెల్లరాతి అమ్మాయి. ముఖం మీద పల్చటి ముసుగు. ముసుగు లోపల నుంచి ముక్కూ, పెదవులూ కనిపిస్తున్నాయి. మా ఆయనకు చూపించాను.

"ప్లాస్టర్ అది," అన్నాడు.

"రాయంట."

"రాయి అట్ల బట్ట మాదిరి యాడన్నా అవుతాదా? నీకు ఎవురు ఏం చెప్పినా నమ్ముతావ్."

"అయితే పోయి చూద్దాం పా."

పెళ్లయినప్పటి నుంచి హైదరాబాద్ చూపించమని అడుగుతున్నాను. నా మాటకు ఏనాడూ కదలని మనిషి రాయి పేరు చెప్పగానే సరేనన్నాడు. నేను అలగలేదు. ఆయన మనసు మారకముందే సెలవు పెట్టేశాను. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుందని స్నేహితురాలు ముందే చెప్పింది. వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అందుకని శుక్రవారం బయల్దేరి, శనివారం చూసి, ఆదివారం తిరిగొచ్చేటట్లు అనుకున్నాం. కాచిగూడ దగ్గర లాడ్జి కూడా ఆమే మాట్లాడిపెట్టింది.

శుక్రవారం తెల్లవారుజామున ఆళ్లగడ్డలో పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు సున్నా టికెట్ కొట్టి, మా ఆయన వైపు చెయ్యి చాపాడు కండక్టర్. "మగపుట్టుక పుట్టినందుకు కట్టు," అన్నాను. నవ్వలేదు. శిరివెళ్ల దాటేసరికి ట్రాక్టర్లు పొలాల్లోకి దిగుతున్నాయి. ఏడు గంటలకల్లా నంద్యాల. బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని హైదరాబాద్ బస్సు ఎక్కాం. దీంట్లో నాకూ టికెట్ కొట్టారు. రాష్ట్రం దాటే బస్సుల్లో ఉచితం లేదు.

ఓర్వకల్లు దగ్గర దారి పక్కన రాతిగుట్టలు వస్తాయి. రైతు పక్కవాడి చేనును చూసినట్టు మా ఆయన వాటిని తల తిప్పి తిప్పి చూశాడు. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కాక మా ముందు సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగాడు. కోయిలకుంట్ల ఆయన, శనగ వేస్తాడట.

"పట్నానికి కొత్తనా? ఆడ దావ దాటేటప్పుడు ఇద్దురూ చేతులు పట్టుకోండి. సిగ్గుపడాకండి. సిగ్గుపడినోళ్లు ఈ పక్కనే నిలబడిపోతారు."

జడ్చర్ల దగ్గర భోజనానికి ఆపారు. పెరుగన్నం మేం ఇంటి నుంచే తెచ్చుకున్నాం. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో నగరం మొదలైంది. మొదలవడమే గానీ అయిపోదే! వంతెన మీద వంతెన, దాని మీద రైలు. మా బస్సు ఒక మేడ రెండో అంతస్తు కిటికీల పక్కగా పోతుంటే ఎవరింట్లోనో ఆరేసిన లంగాలు కూడా కనిపించాయి. ఇంతమంది జనానికి రోజూ అన్నం ఎవరు వండుతున్నారా అని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను.

లాడ్జిలో స్నానాలు చేసి సిటీ బస్సు ఎక్కాం. నేను దర్జాగా ఆధార్ కార్డు చూపించాను. కండక్టరమ్మ చూసి తిరిగిచ్చేసింది.

"ఇది నంద్యాలది కదమ్మా. ఇక్కడ తెలంగాణ కార్డుంటేనే ఫ్రీ. టికెట్ తీసుకోవాలె."

మా ఆయన ఎన్నో రోజుల తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు ముందు టికెట్ ఏపాటి!

సాయంత్రం హుసేన్‌సాగర్‌లో పడవెక్కి బుద్ధుడి దగ్గరికి పోయాం. పడవ ఊగుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. దిగి తలెత్తితే ఆకాశంలో సగం ఆయనే ఉన్నాడు. ఒకే రాయి. మా ఆయన చుట్టూ తిరిగాడు, వెనక్కి నడిచాడు, మళ్లీ ముందుకొచ్చాడు. "ఒక్క రాయేమ్మే! దీన్ని ఎట్ల కదిలించినారో, ఎట్ల నిలబెట్టినారో," అంటూ రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. ఎవరికి మొక్కాడని అడిగితే, "బుద్ధునికీ, లేపినోళ్లకీ," అన్నాడు. దీపాలు వెలిగాక ఆ రాయి బంగారంలా మారింది. నాకు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఊళ్లో రోజూ రాతిపొడి ఊడ్చుకునే దాన్ని. రాయి ఇంత ఎత్తుకు పోతుందని నాకేం తెలుసు!

శనివారం పదింటికి మ్యూజియం గేటు దగ్గరున్నాం. సంచులు బయట పెట్టించుకున్నారు. కత్తులు, పింగాణీలు, దంతపు కుర్చీలు దాటుకుని ఆ తెల్ల అమ్మాయి దగ్గరికి చేరాం.

దీని ముందు ఫోటోలో ఉన్నది ఏమీ కాదు. ముసుగు గాలికి ఇప్పుడే కదిలి ఆగినట్టుంది. ఊపిరి ఆడుతోందేమోనని నేను ఆమె ముక్కు దగ్గరే చూపు పెట్టాను. మా ఆయన వేలి కణుపు ముందుకు చాపాడు. రాయిని తట్టి వినడం వాళ్లకు అలవాటు. మంచి రాయి గంటలా పలుకుతుందట, లోపల పగులుంటే డొల్లగా మోగుతుందట. కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా! చూసుడే. ముట్టుడు లేదు."

"ముట్టుకోలేదన్నా. పలకరిస్తాండా," అన్నాడు మా ఆయన. కాపలా ఆయనకు నవ్వాగలేదు. "పలకదు సార్, అందరూ చూసి పోవుడే," అన్నాడు.

గంట కొట్టే వేళయిందని జనమంతా అక్కడి పాత గడియారం వైపు పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. గడియారంలో నుంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోయాడు. జనం చప్పట్లు కొట్టారు, నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఆ సంబరంతో తిరిగొస్తే మా ఆయన ఖాళీ గదిలో ఆ అమ్మాయి ముందు అట్లాగే నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"రాయే," అన్నాడు.

"గెలిచానా?"

"గెలిచినావ్ లే. ఇది చేసినోడు ఎవతినో ఒకామెను చూసినాడే. కూర్చోబెట్టుకోని చూసినాడు. నేను కొలతలు చూసినా. ఓబుల్‌రెడ్డి వాళ్లమ్మను చూడనే లేదు."

చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కున్నాను. మినార్లకేసి తలెత్తి చూసి మెడ పట్టేసింది. ఆ దారి దాటేటప్పుడు మాత్రం కోయిలకుంట్ల పెద్దాయన మాట విన్నాం. సాయంత్రం మెట్రో ఎక్కాం. మన బస్సుల్లో ముందువాళ్ల తలల వెనక భాగం తప్ప ఏమీ కనపడదు. మెట్రోలో సీట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఊరంతా కాళ్ల కింద పారుతుంటే నేను కిటికీకి అతుక్కుపోయాను. మా ఆయన ఎదుటివాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఒకామె ఊరుకోలేదు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?"

నా ప్రాణం పోయింది. "ఏం అనుకోవాకమ్మా, మా ఆయన రాతి బొమ్మలు చేస్తాడు. మొగాలు చూసి నేర్చుకుంటాండాడు."

ఆమె ముక్కు మీద వేలు పెట్టుకుంది. "అయితే నా ముక్కు వదిలేయండి. ఇది మా నాన్నది, చిన్నప్పటి నుంచి గొడవే." పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఆదివారం పొద్దున తిరుగు బస్సు ఎక్కాం. నగరం వెనకబడే దాకా నేను కిటికీ వదల్లేదు. కృష్ణా నది వంతెన దాటాక మా ఆయన ఫోన్ తీశాడు. బస్సు చప్పుడుకు వినపడక స్పీకర్ పెట్టాడు.

"ఓబుల్‌రెడ్డన్నా, మీ యమ్మ తిట్టేటప్పుడు మొగం ఎట్ల పెడుతుండె?"

జవాబు మెల్లగా వచ్చింది. "మూతి ఎడం పక్కకు పోయేదప్పా. ఆ పక్క కన్ను సగం మూసేది. నేను అట్ల ఎక్కిరిస్తే ఇంగా తిట్టేది..." ఆయన నవ్వబోయాడు. నవ్వు మధ్యలో తెగిపోయింది. "అట్ల చేస్తావా అన్నా?"

"చేస్తా. రేపు వచ్చి నా ముందర కూర్చో. మీ యమ్మను ఎక్కిరించి చూపీ."

"పొద్దున్నే వస్తా," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

ఫోన్ జేబులో పెట్టుకుని మా ఆయన నా వైపు తిరిగాడు. చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు. బస్సులో జనం ఉన్నారు, నాకు సిగ్గేసింది.

"ఏంది అట్ల చూస్తాండావ్?"

"నీ కుడి కన్ను ఎడం దానికంటే చిన్నదే."

"పెండ్లినాటి నుంచీ అంతే."

"నాకు కనపళ్లే," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

హైదరాబాద్‌లో ఏం చూశావని మా ఊళ్లో అందరూ అడుగుతారు. బుద్ధుణ్ణి చెబుతాను, చార్మినార్‌ను చెబుతాను, తెల్లరాతి అమ్మాయిని చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది మాత్రం ఆ బస్సులోనే. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి నన్ను మొదటిసారి చూస్తుంటే కోపం రావాలి కదా, రాలేదు. గుండె నిండిపోయింది.

"సరిగ్గా చూడు మరి," అని ముఖం కిటికీ వెలుతురుకు తిప్పాను.